దూలగొండి: అడవి రకాన్ని, సాగు రకాన్ని గుర్తించడం ఎలా?

వానాకాలంలో కంచెల మీద, తుప్పల మీద అల్లుకునే దూలగొండి తీగ మీరు చూసే ఉంటారు. దీన్నే దురదగొండి అని, ఆయుర్వేదంలో కపికచ్ఛు అని అంటారు. శాస్త్రీయ నామం మ్యుకునా ప్రూరియెన్స్. ఇది చిక్కుడు కుటుంబపు మొక్క. గింజలను మందుల తయారీలో వాడతారు కాబట్టి కొందరు రైతులు సాగు చేస్తున్నారు. ఇందులో దురద పెట్టే అడవి రకం, దురద లేని సాగు రకం ఉన్నాయి. పొరపాటున అడవి రకం విత్తితే కాయ కోతకు కూలీలు దొరకరు.

మొక్క గుర్తులు

• ఆకు: ఒక్కో కాడకు మూడు ఆకులు. పక్క ఆకులు రెండూ ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా ఉంటాయి.
• పువ్వు: ఎక్కువగా ముదురు ఊదా రంగు. గుత్తులు కిందికి వేలాడతాయి. చిక్కుడులో అయితే గుత్తి పైకి నిలబడుతుంది.
• కాయ: గుత్తులుగా కాస్తుంది. ఒక్కో కాయలో సాధారణంగా 4 నుంచి 6 గింజలు ఉంటాయి.

రెండు రకాల మధ్య తేడా

• అడవి రకం: కాయ కొసలు వంపు తిరిగి ఉంటాయి. కాయ నిండా బంగారు గోధుమ రంగులో బిరుసైన నూగు ఉంటుంది. కాయ ఎండాక ఈ నూగు గాలికి కూడా రాలుతుంది. ఇందులోని మ్యుకునైన్ అనే పదార్థం వల్ల తీవ్రమైన దురద పుడుతుంది.
• సాగు రకం: నూగు పొట్టిగా, మెత్తగా, మఖమల్ గుడ్డలా కాయకు అంటుకుని ఉంటుంది. దురద పెట్టదు. గింజ సైజు పెద్దది.

ఆకును, పువ్వును, గింజ రంగును బట్టి రకాన్ని తేల్చలేం. నల్లవి, మచ్చలవి రెండింటిలోనూ ఉంటాయి. కాయ మీది నూగే అసలు గుర్తు. కాయను చేత్తో ముట్టుకోకుండా కొంచెం దూరం నుంచే చూడండి.

విత్తనం విషయంలో జాగ్రత్తలు

• అడవిలో ఏరిన గింజలను విత్తనంగా వాడకండి.
• రకం పేరు తెలిసిన విత్తనమే కొనండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క ధన్వంతరి, అర్క అశ్విని దురద లేని రకాలు.
• రెండూ ఒకే జాతి కాబట్టి సంకరం జరిగే వీలుంది. చేను గట్ల మీది అడవి తీగలను పూతకు ముందే పీకేయండి.
• చేనులో బిరుసు నూగు కాయలున్న తీగ కనిపిస్తే దాని గింజలను విత్తనంలో కలపకండి.

దురద అంటుకుంటే

గోకకండి, రుద్దకండి. అంటుకునే టేపును చర్మం మీద అద్ది లాగితే నూగు ఊడివస్తుంది. తర్వాత సబ్బుతో కడగండి. బట్టలు విడిగా ఉతకండి. కంట్లో పడితే శుభ్రమైన నీటితో బాగా కడిగి వెంటనే డాక్టరుకు చూపించండి.

గింజల వాడకం

గింజల్లో ఎల్-డోపా ఉంటుంది. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు వాడే మందు ఇదే. అందుకే పచ్చి గింజలు తింటే వాంతులు, కళ్లు తిరగడం వంటి ఇబ్బందులు రావచ్చు. కోళ్లకు, పశువులకు పచ్చి గింజలు పెట్టకండి. వైద్యుడు చెప్పకుండా గింజల పొడిని మందుగా వాడకండి.

విత్తే ముందే కొనేవారితో మాట్లాడుకోండి. ఏ రకం గింజ కావాలో, ఎంత ధర ఇస్తారో రాయించుకున్నాకే సాగుకు దిగండి.