పొత్తిగుడ్డల చరిత్రము

శిశువు భూమిపై పడగానే మొదట తగులునది మంత్రసాని చేయి. పిదప మెత్తని పాతగుడ్డ. ఆ గుడ్డకు మన పెద్దలు పొత్తిగుడ్డ యని పేరిడిరి. పసికందును పొత్తిళ్లలోని బిడ్డ యని పిలుచుటయు అందువలననే. నేడు అంగళ్లలో డయపరు అను పేర దొరకు వస్తువు, ఒకమారు వాడి పారవేయునది, ఆ స్థానమును ఆక్రమించుచున్నది. వింత యేమనగా, డయపరు అను ఇంగ్లీషు మాటకును మొదటి యర్థము వస్త్రమే. చిన్నచిన్న వజ్రాకారపు గళ్లు నేసిన తెల్లని బట్టకు అది పేరు. పేరు నిలిచినది, బట్ట తొలగినది. ఈ మార్పు ఎట్లు వచ్చెనో తెలిసికొన్నచో, మన యింటి బిడ్డకు ఏది మేలో నిర్ణయించుట సులభమగును.

మన పెద్దలు పాతగుడ్డనే కోరుటకు పేదరికము ఒక్కటే కారణము కాదు. పలుమారులు ఉతికిన నూలుచీర గాని పంచె గాని గంజి విడిచి, పోగులు మెత్తబడి, తడిని త్వరగా పీల్చును, ఉడుకబెట్టినను చెడదు, ఎండలో వేగముగా ఆరును. కాని ఆ గుడ్డలను ఉతికినవారెవరు? పురిటిబట్టలను గ్రామమందలి రజక స్త్రీలు ఉతుకుచుండిరి. కళ్లమున కొలిచిన మేర గింజలే వారి ప్రతిఫలము. పురుడు వెడలిన పిమ్మట ఆ పని తల్లిపైనో, అవ్వపైనో పడెడిది. గుడ్డ మంచిదే, దాని బరువు మాత్రము ఎల్లప్పుడు స్త్రీల చేతులపైననే యుండెను.

పాశ్చాత్య దేశములందును కథ యిట్టిదే. అమెరికాలో మేరియన్ డోనవన్ అను తల్లి, మాటిమాటికి తడియు పక్కబట్టలను ఉతికి విసిగి, 1946లో స్నానపుగది తెరను కత్తిరించి, గుడ్డపై తొడుగుటకు నీరు కారని కవచమును కుట్టెను. తయారీదారులు దానిని ఆదరింపలేదు. 1949లో న్యూయార్కునందలి ఒక పెద్ద అంగడిలో అది అమ్మకమునకు వచ్చి మిక్కిలి ఆదరణ పొందెను. 1951లో ఆమెకు పేటెంటు లభించెను. ఆ కవచము లోపల నున్నది ఇంకను గుడ్డయే. 1961లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పాంపర్స్ అను పారవేయు డయపరును పియోరియా పట్టణమున పరీక్షార్థము అమ్మెను. ఒక్కొక్కటి 10 సెంట్లగుటచే జనులు వెనుదీసిరి. వెల తగ్గించిన పిమ్మట అది వ్యాపించెను. 1980ల యందు తన బరువునకు అనేక రెట్లు నీటిని పీల్చు రసాయనపు పొడి అందు చేరెను. ఆ వస్తువును కోరిన తల్లులను సోమరులని నిందించుట న్యాయము కాదు. వారు కోరినది విశ్రాంతి.

ఆ విశ్రాంతికి వెల యెవరు చెల్లించుచున్నారు? 2018లో అమెరికాలో పోగుపడిన డయపర్ల చెత్త దాదాపు 41 లక్షల టన్నులని ఆ దేశపు పర్యావరణ సంస్థ లెక్కించెను. ప్లాస్టికు చేరిన ఆ వస్తువు మన్నులో కలియదు. కాల్చినచో పొగ విషమగును. చెరువున వేసినచో నీరు చెడును.

అట్లని గుడ్డ యైనంతనే దోషము లేదనరాదు. 2008లో బ్రిటనునందలి పర్యావరణ సంస్థ ఒక బిడ్డకు రెండున్నర యేండ్ల వాడుకను లెక్కగట్టెను. భూతాపమును పెంచు వాయువులు పారవేయు డయపర్ల వలన 550 కిలోలు, గుడ్డల వలన సగటున 570 కిలోలు అని తేలెను. కారణము మరగు నీరు, విద్యుత్తుతో ఆరబెట్టు యంత్రము. నిండు మూటగా ఉతికి, త్రాటిపై ఆరవేసి, ఆ గుడ్డలనే రెండవ బిడ్డకు వాడినచో ఆ భారము నూటికి 40 పాళ్లు తగ్గునని ఆ నిపుణులే చెప్పిరి. వారు గణితముచే కనుగొన్న మార్గము మన అవ్వలకు నిత్యాచారము: దండెము, ఎండ, అన్న గుడ్డలు తమ్మునికి.

కావున గుడ్డను ఎన్నుకొనుడు. కాని సరిగా వాడుడు. మలమును మరుగుదొడ్డిలో విడిచి, సబ్బుతో ఉతికి, బాగుగా జాడించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. తడిసిన గుడ్డను వెంటనే మార్చకున్నచో బిడ్డ చర్మము ఒరయును. ప్రయాణమందును, నీటి యెద్దడి యందును డయపరు వాడుట తప్పు కాదు. వాడినదానిని భద్రముగా చుట్టి చెత్తబండికి ఈయవలెనని మన దేశమున 2016 నాటి నియమములే విధించియుండెను.

పెద్దలారా, మీకొక మనవి. కోడలిని గుడ్డలే వాడుమని ఆజ్ఞాపించుట సులభము. బాలింతకు పగలు పనియు, రాత్రి జాగరణయు ఉండగా ఆ మాట మరియొక బరువగును. బిందెడు నీరు తోడుట, గుడ్డలు జాడించి దండెముపై వేయుట, ఎండిన వానిని మడిచి పెట్టుట తాతకును తండ్రికిని చేతనైన పనులే. మన పాత ఆచారమున సవరింపదగినది ఈ యొక్క భాగమే.