స్వప్నము, ముఖము, వ్యక్తి: ఒక స్పానిష్ చలనచిత్రముయొక్క పూర్వకథ

స్వప్నమును జాగ్రత్తునుండి వేఱుచేయఁగల గుఱుతేది యను ప్రశ్న మన పండితులకుఁ గ్రొత్తది కాదు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున, ద్వితీయాధ్యాయ ద్వితీయపాదమునందు, విజ్ఞానవాదమును ఖండించుచు, స్వప్నమునఁ గన్న వస్తువు మేలుకొనఁగానే బాధితమగుననియు, జాగ్రత్తునఁ గన్న వస్తువట్లు బాధితము కాదనియు వివరించిరి. ఈ ప్రశ్ననే స్పెయిన్ దేశమునఁ బదునేడవ శతాబ్దపు నాటకకర్త యొకఁడును, ఇరువదవ శతాబ్దాంతమునఁ జలనచిత్రకర్త యొకఁడును జేపట్టిరి. 1997 నాఁటి చిత్రము ప్రాచీననాటకమునకుఁ దొడిగిన క్రొత్తవేష మనుట విమర్శకులలోఁ బరిపాటి. ఆ మాటలో సగమే సత్యమని నాకుఁ దోఁచుచున్నది. తక్కిన సగము స్వప్నమునకు సంబంధించినది గాదు, ముఖమునకు సంబంధించినది.

నాటకమును ముందుగాఁ జూతము. పెద్రో కాల్దెరాన్ దె లా బార్కా (1600-1681) మాడ్రిడ్ నగరమునఁ బుట్టినవాఁడు. ఆతని "లా విదా ఎస్ స్వేన్యో", అనఁగా "జీవితము స్వప్నము", 1636లో ముద్రితమైనది. కథ పోలెండు రాజ్యమున జరుగును. బసీలియోరాజు జ్యౌతిషమును నమ్మి, తన కుమారుఁడు క్రూరుఁడగునని భయపడి, సెగిస్ముందో యను నా బాలుని పుట్టినది మొదలొక గోపురమున బంధించి యుంచెను. పిదపఁ బరీక్షింపఁగోరి, మందిచ్చి నిద్రపుచ్చి, రాజభవనమునకుఁ దెప్పించెను. మృగచర్మములు గట్టి సంకెలలోఁ బెరిగినవాఁడు మేలుకొనునప్పటికి రాజవస్త్రములతో యువరాజై యుండెను. కోపమున నొక సేవకుని మేడపైనుండి పాఱవైచెను. వెంటనే వానికి మరల మందిచ్చి గోపురమునకుఁ జేర్చిరి. చూచినదెల్లఁ గలయే యని సంరక్షకుఁడగు క్లొతాల్దో నమ్మించెను; కలలోనైనను జేసిన మేలు వ్యర్థము గాదని కూడ బోధించెను. తుదకు సైనికులు విడిపించినప్పుడు సెగిస్ముందో, ఇదియుఁ గలయే కావచ్చునని శంకించుచునే, కోపము నడఁచుకొని తండ్రిని క్షమించెను.

ఈ నాటకమున రొసావురా యను స్త్రీపాత్ర కలదు. స్వప్నమును గూర్చి వ్రాయువారు ఈమెను దాఁటిపోవుదురు గాని, నా వాదమున కీమెయే యాధారము. ఈమె సెగిస్ముందోకు మూఁడుమాఱులు కనఁబడును: మొదటఁ బురుషవేషమున, రెండవమాఱు మాఱుపేరుతో రాజభవనమున స్త్రీవేషమున, మూఁడవమాఱు స్త్రీవస్త్రములతోఁ బురుషుని యాయుధములు దాల్చి. మూఁడవ యంకమున నామెయే యీ సంగతి నాతనికి విప్పి చెప్పును. వేషములు మూఁడు, వ్యక్తి యొక్కతె. అంతియ కాదు. గోపురమున మేలుకొన్న సెగిస్ముందో, భవనమునఁ గన్నదెల్ల మాసిపోయినను ఒక స్త్రీయందుఁ గలిగిన ప్రేమ మాత్రము మాయలేదు గనుక అదియైనను నిజమై యుండవలెనని తలపోయును. కాల్దెరాన్ దృష్టిలో రూపము నమ్మఁదగినది గాదు. స్వప్నశంకను దాఁటించునవి హృదయమును నడవడియును.

ఇఁక చిత్రము. అలెహాంద్రో అమెనాబార్ 1972లోఁ జిలీ దేశపు సాంతియాగో నగరమునఁ బుట్టి, శైశవముననే స్పెయిన్ చేరెను. "తేసిస్" (1996) అను చిత్రముతోఁ బేరొంది, మరుసటి యేఁడే మాతెయో హిల్‌తోఁ గూడి కథ వ్రాసి "ఆబ్రే లోస్ ఓహోస్", అనఁగా "కన్నులు తెఱువుము", అను చిత్రమును దీసెను. నాయకుఁడు సేసార్ మాడ్రిడ్ నగరపు ధనికయువకుఁడు, అందగాఁడు. ఆ యందమే వానికి గర్వకారణము. పుట్టినరోజు విందునకు మిత్రుఁడు పెలాయో వెంట వచ్చిన సోఫియాను వలచెను. ఆ రాత్రి వారిరువురు నొకరి రూపము నొకరు చిత్రించుకొనిరి. మఱునాఁటి యుదయమున, వాఁడు విడనాడిన నూరియా యను యువతి వానిని గారులో నెక్కించుకొని, కోరియే ప్రమాదము గావించి తాను మరణించెను. సేసార్ బ్రదికెను గాని ముఖము వికృతమైపోయెను. వైద్యులు పూర్వరూపము నీయలేక యొక కృత్రిమముఖము నిచ్చిరి. సోఫియా దూరమయ్యెను. ఒక రాత్రి వాఁడు త్రాగి వీధిలోఁ బడిపోయెను.

తెల్లవాఱఁగానే సోఫియా వచ్చి లేపును, ప్రేమింతు ననును; వైద్యులు ముఖమును బాగుచేయుదురు. ఇంతలో నొకనాఁడు సోఫియా యుండవలసిన చోట నూరియా కనఁబడును. ఆమె తానే సోఫియా ననును, మిత్రుఁడట్లే చెప్పును, ఛాయాచిత్రములును నట్లే చూపును. సేసార్ ఆమెను జంపి కారాగారముపాలై, కృత్రిమముఖముతో మనోవైద్యుఁడు ఆంతోనియోకుఁ దన కథ చెప్పుకొనును. మరణించినవారి దేహములను మంచులోఁ బదిలపఱచి స్వప్నసుఖము నిచ్చు నొక సంస్థతోఁ దా నొడంబడిక చేసికొంటినని వానికిఁ గట్టకడపటఁ దెలియును. ఆత్మహత్య చేసికొన్నవానికి, వీధిలోఁ బడిన యా రాత్రికి నతుకుపెట్టి కలను గల్పించిరి.

రెండు కథల భేద మిచ్చటఁ దేటపడును. సెగిస్ముందోకు జాగ్రత్తును స్వప్నమని చెప్పిరి. సేసార్ స్వప్నమును జాగ్రత్తని నమ్మెను. ఇది తలక్రిందులు చేయుట మాత్రమే. అంతటితో నాగిన యెడల క్రొత్తవేష మనుటకు నే నొడఁబడుదును. కాని నాటకమున నొక్క స్త్రీ మూఁడు రూపములఁ దిరిగెను. చిత్రమున నొక్క పేరునకు రెండు ముఖములు వచ్చెను. నాటకమున స్వప్నశంకకు లోఁబడక నిలిచిన ప్రేమయే చిత్రమున మొట్టమొదటఁ జెడినది. చంపిన పాపము కాకున్నను, నూరియా మరణమున సేసార్‌కుఁ గల యపరాధభావమే యామె ముఖమై వచ్చినదని కొంద ఱనవచ్చును. కాదనను. ఐనను ఆ భావము ముఖముగానే యేల రావలెను? తన్నుఁ దాను ముఖముచేతనే యెఱిఁగినవాఁడు పరులను గూడ ముఖముచేతనే యెఱుఁగును గనుక. మన యుష కలలోఁ జూచిన వానిని జిత్రలేఖ గీసిన పటమున గుఱుతుపట్టెను. అక్కడ ముఖము సాక్షి. సేసార్ కథలో నా సాక్షియే కూటసాక్షి.

2001లో అమెరికాయందు కామెరన్ క్రో యీ కథనే "వెనిలా స్కై" అను పేరఁ దీసెను. నిర్జనమైన మాడ్రిడ్ రాజవీధికి బదులు న్యూయార్కులోని టైమ్స్ స్క్వేరు వచ్చినది. నాయకుఁడు టామ్ క్రూజ్. సోఫియా పాత్రను మాత్రము రెండింటను బెనెలోపె క్రూజే ధరించినది. ముఖము మాఱి భయపెట్టు కథలో నా పేరును ఆ ముఖమును రెండు దేశములలో మాఱకుండుట వింతగా లేదా!

భేదము ముగింపున నున్నది. రెండు చిత్రములందును నాయకుఁడు మేలుకొనఁగోరి యున్నతసౌధముపైనుండి దుముకును. అమెరికా చిత్రమునఁ దుదకొక కన్ను తెఱచుకొనుట మనకుఁ గనఁబడును. శంకరులు చెప్పిన బాధకజ్ఞానమునకుఁ గొంత చోటు దొరకినది. అమెనాబార్ అదియు నీయలేదు. తెర చీఁకటియగును. కన్నులు తెఱువుమని యొక స్త్రీకంఠము పలుకును. ముఖము కనఁబడదు.