మంగళవారం మాత్ర

యల్లాప్రగడ సుబ్బారావు మీద తెలుగులో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. 1895లో భీమవరంలో పుట్టుక, మూడోసారికి గట్టెక్కిన మెట్రిక్, మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను గొడవ, అమెరికా ప్రయాణం, రాని నోబెల్, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే మరణం. చివర్లో, మనవాళ్లు ఆయన్ని గుర్తించలేదన్న నిట్టూర్పు. స్కూల్లో వ్యాసరచన పోటీకి నేనూ ఇదే రాశాను. ఈ మధ్య ఆయనతో నాకు వేరే రకం చుట్టరికం కలిసింది. మంగళవారం రాత్రి అన్నం తిన్నాక నేను వేసుకునే మూడు మాత్రలూ, శుక్రవారం వేసుకునే ఒక్క మాత్రా ఆయన నడిపించిన ప్రయోగశాలలోంచి వచ్చినవే. పైగా ఆ రెండూ ఒకదానికొకటి విరోధులు.

నాకున్నది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మా నందివాడలో కీళ్లవాతం అంటారు. అది ముసలాళ్ల జబ్బని అందరి నమ్మకం కాబట్టి, ముప్ఫై నిండని మనిషికి వచ్చిందంటే ఎవరూ ఒప్పుకోరు. ఒంటికి కాపలా కాయాల్సిన వ్యవస్థే తిరగబడి కీళ్ల మీద పడటం ఈ జబ్బు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. కుళాయి తిప్పడానికి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి, గోంగూర ఆకు తుంచడానికి గంటా గంటన్నర ఆగాలి. డాక్టరు రాసిన మందు పేరు మెథోట్రెక్సేట్. దానికి తోడు ఫోలిక్ యాసిడ్. పేరు ఫోన్లో వెతికితే మొదట వచ్చే మాట కేన్సర్. పక్కింటి పిన్నిగారికి ఆ సంగతి నాకంటే ముందే తెలిసిపోయింది. "కేన్సర్ మందంటగా అమ్మాయ్?" అంది గోడవతల నుంచి. అవునూ కాదూ రెండూ నిజమే. ఆవిడకి జవాబు చెప్పాలంటే కథ మొదట్నుంచీ ఎత్తుకోవాలి.

కథ మొదలు ఆకు దగ్గరుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. వాళ్లలో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు చాలామంది. ఈస్టు నుంచి తీసిన ముద్ద పెడితే వాళ్ల రక్తం కుదురుకుంటోందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. 1941లో టెక్సస్‌లో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకుకి లాటిన్ మాటైన ఫోలియమ్ నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945 కల్లా న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయనకిది ఉత్త రసాయనశాస్త్రం కాదు. స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరుణ్ణి తీసుకుపోయింది. ఆయనకీ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బయటపడ్డాడు. 1940ల నడుమ, ఆ స్ప్రూ రోగులకే ఫోలిక్ యాసిడ్ ఇస్తే కోలుకుంటున్నారని తేలింది.

ఇక విరోధి సంగతి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరిగదా, ఇంకా ఎగసింది. అంటే రోగకణాలకి ఇది మేత. మరి మేత దొరక్కుండా చేస్తే? లెడర్లీ రసాయనశాస్త్రజ్ఞులు ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పని చెయ్యని అణువుల్ని కట్టారు. తాళంలోకి దూరి, తిరక్కుండా ఇరుక్కుపోయే మారుతాళం చెవి లాంటివి. వాటిలో అమినోప్టెరిన్ తయారీని 1947లో ప్రకటించిన పత్రంలో మొదటి పేరు డోరిస్ సీగర్ అనే ఆవిడది. మనం "సుబ్బారావు కనిపెట్టిన మందు" అనేసి ఊరుకుంటాం గానీ, ఆయన గొప్పతనం అంతమందిని ఒక దారిలో నడిపించడంలో ఉంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు నెమ్మదించింది. రెండు నెలలకి సుబ్బారావు చనిపోయాడు. అమినోప్టెరిన్‌కి తమ్ముడి వరసైన అమెథోప్టెరిన్‌కే ఇప్పుడు మెథోట్రెక్సేట్ అని పేరు.

కీళ్లవాతానికి ఇది పనికొస్తుందని ఆయన బతికుండగా ఎవరికీ తెలీదు. 1951లో గబ్నర్, ఆయన సహచరులు కొద్దిమంది రోగులకి అమినోప్టెరిన్ ఇచ్చి, కీళ్ల వాపు తగ్గిందని రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే కార్టిసోన్ వచ్చింది. మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. 1950లో దానికి నోబెల్ కూడా ఇచ్చారు. ఎముకలు గుల్లబారడం లాంటి స్టెరాయిడ్ చేటు తర్వాత మెల్లగా తెలిసొచ్చింది. చిన్న మోతాదు మెథోట్రెక్సేట్ మీద గట్టి పరీక్షల ఫలితాలు 1985లో వచ్చాయి. అమెరికాలో ఈ జబ్బుకి అనుమతి 1988లో. నా వేళ్ల దాకా రావాల్సిన మందు 37 ఏళ్లు ఒక పక్కన పడుంది.

పిన్నిగారికి జవాబు ఇక్కడుంది. కొన్ని కేన్సర్లకి ఈ మందు గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. నాకిచ్చేది వారానికి కొద్ది మిల్లీగ్రాములు. ఈ కొంచెం మోతాదు కణాల్ని చంపడం కంటే, అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి వాపుని చల్లారుస్తుందని పరిశోధకులు ఎక్కువగా చెప్పే మాట. ఆ అడినోసిన్ పేరు వినగానే నవ్వొచ్చింది. కండరాలకి శక్తినిచ్చే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసింది సుబ్బారావే. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు.

ఈ చరిత్రంతా మా ఇంట్లో ఒక డబ్బా మూత మీదికి దిగింది. దీని అసలు ప్రమాదం విషంలో లేదు, వారంలో ఉంది. వారానికొకసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి చనిపోయినవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. మన ఇళ్లలో బీపీ మాత్ర, షుగరు మాత్ర అన్నీ రోజువారీవే కదా, చెయ్యి అలవాటుగా అటే పోతుంది. పైగా నాకొచ్చిన రెండు మందులూ పసుపు రంగే. ఇంగ్లీషులో ఒక చిట్కా ఉంది: మండే మెథోట్రెక్సేట్, ఫ్రైడే ఫోలిక్. తెలుగు వారాల్లో 'ఫ' లేదు. మంగళవారం కొత్తది మొదలెట్టకూడదని నాయనమ్మ అడ్డం పడింది. "అయితే ఆ రోజు ఎవరూ మర్చిపోరు" అని అమ్మ అదే ఖాయం చేసింది. మంగళవారానిది మొండిమందు, శుక్రవారానిది ఆకుమందు. డబ్బాల మీద మార్కర్‌తో అలాగే రాసి, వేరువేరు గూళ్లలో పెట్టింది.

బుధవారం కష్టం. కడుపులో తిప్పుతుంది, తల దిమ్ముగా ఉంటుంది. చుట్టూ చేపల చెరువులున్న ఊళ్లో పులుసు వాసన పడకపోతే ఎక్కడికని పోతాం? ఆ రోజు మా ఇంట్లో మజ్జిగన్నం, నిమ్మకాయ పచ్చడి. ఆఫీసు పని తేలిగ్గా ఉండేవి బుధవారానికి ఉంచుకుంటున్నా. గుడివాడ వెళ్లి రక్తం ఇచ్చి రావాలి, లివరూ రక్తకణాలూ చూడ్డానికి. జ్వరమొస్తే ఊళ్లో ఏ మాత్రా అడక్కుండా మింగకూడదు. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్‌ది కూడా ఫోలిక్ యాసిడ్‌కి అడ్డం పడే దారే, రెండూ కలిస్తే ప్రమాదం. పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పాలనీ, మందు ఆపాకే అనీ డాక్టరు మొదటి రోజే చెప్పింది. 1950ల మొదట్లో గర్భస్రావానికి అమినోప్టెరిన్ వాడి చూశారు. నిలిచిన గర్భాల్లో కొందరు పిల్లలు అవకరాలతో పుట్టారు. ఆ జాగ్రత్త అక్కణ్ణుంచి వచ్చింది. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ ఒక్క వాక్యం ఎంత బరువో చెప్పక్కర్లేదు. అవతలివాళ్లకి ముందే చెబుదామని నేను, కొన్నాళ్లు ఆగుదామని నాన్న. ఇంకా తేలలేదు.

ఈ మందు గుణం కనపడ్డానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోపు మిగిలేది చేటే, మేలు కాదు. మానేద్దామనిపించేది ఈ వారాల్లోనే. పనిచేస్తుందన్న ఋజువు నా ఒంట్లో ఇంకా లేనప్పుడు, వేరేవాళ్ల ఒళ్లలో దొరికిన ఋజువు మీద ఆధారపడి మింగాలి. బొంబాయి మిల్లు ఆడవాళ్లు, బోస్టన్ పిల్లలు, 1951లో ఎవరూ నమ్మని ఆ కొద్దిమంది రోగులు. మావాళ్లకి ఇది కొత్తేం కాదు. కోస్తాలో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు మాత్ర, డీఈసీ, కూడా 1947లో అదే లెడర్లీ నుంచి వచ్చిందే. జబ్బు లేనివాళ్లు కూడా, ఊరి కోసం మింగారు. నాయనమ్మ కూడా మింగింది, సుబ్బారావు పేరు ఎప్పుడూ వినకుండానే.

ఇది ఏడో వారం. పొద్దుటి బిగువు గంటన్నర నుంచి యాభై నిమిషాలకి వచ్చింది. రాసిపెట్టుకుంటున్నాను. వచ్చే సోమవారం మళ్లీ గుడివాడలో రక్తపరీక్ష.