ఆసుపత్రి పడక దగ్గర మందు ధర: గరిష్ఠ చిల్లర ధర విధానంపై ఒక పరిశీలన

ఐసీయూలో రక్తపోటు పడిపోయిన రోగిని నిలబెట్టడానికి వాడే మందుల్లో నారడ్రినలిన్ ముఖ్యమైనది. కొత్తగా కనిపెట్టిన మందు కాదు, పేటెంటు లేదు, అనేక కంపెనీలు తయారుచేస్తాయి. డెంగీ చికిత్సలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు బిల్లులపై ఫిర్యాదు చేశాక, జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ (ఎన్‌పీపీఏ) ఢిల్లీ, దాని పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల లెక్కలను పరిశీలించి 2018 ఫిబ్రవరిలో నివేదిక వెలువరించింది. అందులో ఈ మందు 2 మి.లీ. ఇంజెక్షన్ కొనుగోలు ధర రూ.14.70. దానిపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర (ఎమ్మార్పీ) రూ.189.95. రోగి చెల్లించింది ఈ రెండోదే. సెలైన్ గొట్టానికి తగిలించే మూడు దారుల చిన్న ప్లాస్టిక్ కవాటాన్ని రూ.5.77కు కొని రూ.106కు అమ్మారు. ఆ నివేదికలో నమోదైన అత్యధిక లాభం అదే, 1,737 శాతం.

ఈ అంకెలు చూడగానే దోపిడీ అనే మాట నోటికి వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఇక్కడ ఎమ్మార్పీ నిబంధన ఉల్లంఘన జరగలేదు. ముద్రించిన ధరకే అమ్మారు. కొనుగోలుదారును కాపాడటానికి వచ్చిన ఎమ్మార్పీ ఆసుపత్రి గోడల మధ్య అతనికే ఎందుకు ఎదురు తిరుగుతోందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

వీధి చివర మందుల షాపులో కొనేవాడూ చెల్లించేవాడూ ఒక్కడే. ధర నచ్చకపోతే పక్క షాపుకు వెళ్తాడు. ఇన్‌పేషెంటు విషయంలో మందు రాసేది వైద్యుడు, కంపెనీతో బేరమాడి కొనేది ఆసుపత్రి, డబ్బు కట్టేది రోగి. కొనుగోలు ధరకూ ఎమ్మార్పీకీ మధ్య ఎంత ఎడం ఉంటే ఆసుపత్రికి అంత మిగులు. కాబట్టి ఒకే మందు తయారుచేసే పది కంపెనీలు ఆసుపత్రి ఆర్డరు కోసం పోటీపడితే అట్టపెట్టె మీద ధర తగ్గదు, పెరుగుతుంది. ఎక్కువ ఎమ్మార్పీ ముద్రించి తక్కువకు సరఫరా చేసిన కంపెనీకే ఆర్డరు దక్కుతుంది. పెద్ద మొత్తంలో కొనే ఆసుపత్రులు తమకు అనుకూలంగా ఎమ్మార్పీలు పెంచి ముద్రించేలా ఒత్తిడి తెస్తున్నాయనీ, లాభంలో సింహభాగం తయారీదారుకు కాక ఆసుపత్రికే చేరుతోందనీ ఎన్‌పీపీఏ గుర్తించింది. పోటీ ఉంటే ధర దానంతట అదే దిగుతుందన్న సూత్రం ఇక్కడ పూర్తిగా తలకిందులైంది.

రోగికి ఈ బేరం కనిపించదు. వార్డులో డ్యూటీ సిస్టర్ ఇండెంటు పెడుతుంది, ఫార్మసీ నుంచి మందులు నేరుగా పడక దగ్గరికి వస్తాయి. బయట కూర్చున్న బంధువులకు తెలిసేది అడ్వాన్సు అయిపోయిందన్న కబురు, చివర్లో డిశ్చార్జి రోజు బిల్లు. అప్పటికి ఇంజెక్షన్లు శరీరంలోకి వెళ్లిపోయి ఉంటాయి. ఒక సిరంజి ధరపై వచ్చిన ఫిర్యాదును విచారిస్తూ కాంపిటీషన్ కమిషన్ ఈ నిస్సహాయతనే పట్టుకుంది. ఆసుపత్రిలో చేరిన క్షణం నుంచి రోగికి మరో మార్కెట్ లేదన్న కోణంలో 2018లో దర్యాప్తును విస్తరించింది. సొంత ఫార్మసీలోనే కొనాలన్న ఒత్తిడిపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ముగిస్తూ, విధానం రూపొందించే బాధ్యతను రాష్ట్రాలకు వదిలింది. బయట కొనుక్కునే హక్కు ఉండి తీరాలి. అయితే అర్ధరాత్రి వెంటిలేటర్ మీద ఉన్న మనిషి కోసం నారడ్రినలిన్ వెతుక్కుంటూ కొడుకు ఊరంతా తిరగలేడు. అత్యవసర మందుకు ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ధరల నియంత్రణ లేదా అంటే ఉంది. 1995 నాటి ఔషధ ధరల ఉత్తర్వు తయారీ ఖర్చు ఆధారంగా ధర కట్టేది. 2013 ఉత్తర్వు ఆ పద్ధతిని వదిలేసి, 1 శాతం లేదా అంతకు మించి మార్కెట్ వాటా ఉన్న బ్రాండ్ల సగటుకు చిల్లర వర్తకుడి వాటాగా 16 శాతం కలిపి గరిష్ఠ ధర నిర్ణయిస్తోంది. మార్కెట్ ధరలే ఉబ్బి ఉంటే సగటు కూడా ఉబ్బే ఉంటుంది. అదీ అత్యవసర ఔషధాల జాబితాలోని మందులకే. మిగిలిన వాటి ధరను ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు, మొదటి ధర ఎంత ఉండాలన్న దానికి హద్దు లేదు. 2018 నివేదికలో గరిష్ఠ ధర వర్తించే మందులు బిల్లులో సుమారు 4 శాతమే, వర్తించనివి 25 శాతానికి పైగా ఉన్నాయి. నియంత్రణ ఉన్న మందును వదిలి లేని మందును రాసే మొగ్గు ఉందని దీన్నిబట్టి అనుమానించక తప్పదు. 2022 జాబితాలో మెరోపెనెమ్ వంటి ఆసుపత్రి యాంటీబయాటిక్‌ను చేర్చడం మంచి అడుగే. మొత్తం 384 మందులకు పెరిగిన ఆ జాబితా మాత్రం సిరంజీలు, గొట్టాలు, గ్లవ్స్ జోలికి పోదు.

ఆసుపత్రుల వాదనను కూడా వినాలి. గది అద్దె, నర్సుల జీతాలు, ఐసీయూ యంత్రాల ఖర్చు పూర్తిగా వసూలు చేయలేక, ఆ లోటును ఫార్మసీ మిగులుతో పూడుస్తున్నామంటారు. కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ భారం ఎవరి మీద పడుతోందో చూడండి. రెండు రోజులుండి వెళ్లేవాడి మీద కాదు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి, రోజుకు పదుల ఆంప్యూళ్లు ఎక్కే రోగి మీద. జబ్బు ఎంత తీవ్రమైతే అంత ఎక్కువ పన్ను కట్టించే పద్ధతి ఇది. నర్సు జీతానికి డబ్బు కావాలంటే నర్సింగ్ చార్జీ పేరుతోనే అడగాలి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటు ఖర్చు ప్రభుత్వ రంగంలో రూ.4,452, ప్రైవేటులో రూ.31,845. ఆ తేడాకు కారణాలు అనేకం. వాటిలో ఈ దాగిన పన్ను ఒకటి.

తెలుగు రాష్ట్రాల అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చికిత్సకు ప్యాకేజీ ధర ఉంటుంది, మందుల ఖర్చు అందులోనే. అంటే చౌకగా కొంటే ఆసుపత్రికే లాభం. ఎక్కువ ఎమ్మార్పీతో దానికి పని లేదు. ఆరోగ్యశ్రీ రోగి పక్క గదిలోనే నగదు చెల్లించే రోగికి లెక్క ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ముడి మందుల తయారీకి దేశంలోనే పేరుపడిన హైదరాబాద్‌లో కూడా సాధారణ ఇంజెక్షన్ ఇంత భారమవుతోందంటే తప్పు తయారీ ఖర్చులో లేదు, చెల్లింపు పద్ధతిలో ఉంది. ఇలా చౌకగా కొనడంలో నాసిరకం మందుల ప్రమాదం లేకపోలేదు. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్ కేంద్రీకృత కొనుగోలుతో పాటు ప్రతి బ్యాచ్ నాణ్యతనూ పరీక్షింపజేసే ఏర్పాటు చేసుకున్నది అందుకే.

నా దృష్టిలో గరిష్ఠ ధరల జాబితాను పొడిగిస్తూ పోవడం కంటే వర్తక లాభానికి హద్దు పెట్టడమే మేలు. 2019లో 42 క్యాన్సర్ మందులపై వర్తక లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసినప్పుడు వందలాది బ్రాండ్ల ఎమ్మార్పీ దిగింది, కొన్నిటిది 90 శాతం దాకా. 2021లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకు 70 శాతం హద్దు పెట్టారు. ఇలాంటి హద్దునే ఆసుపత్రిలో ఎక్కించే ఇంజెక్షన్లు, సెలైన్లు, వాడి పారేసే సామగ్రి అన్నిటికీ, అవి ఏ జాబితాలో ఉన్నా లేకపోయినా వర్తింపజేయవచ్చు. కొనుగోలు ఇన్‌వాయిస్‌లు ఫార్మసీలో ఉంటాయి, తనిఖీ అధికారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణకు చట్టం చేసుకుంది. బిల్లులో ప్రతి మందు ఎదుట ఎమ్మార్పీతో పాటు ఆసుపత్రి కొన్న ధరను కూడా చూపాలన్న షరతును నమోదుకు జోడిస్తే, కనీసం ఆ రెండు అంకెల మధ్య దూరం కట్టేవాడి కళ్లబడుతుంది.