పై పెదవి నుంచి కింది పెదవికి

క్లారినెట్ పుట్టుక గురించి ఎవరు రాసినా న్యూరెంబర్గ్ పనివాడు యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్‌తోనే మొదలుపెడతారు. 1700 ప్రాంతంలో ఆ వాయిద్యం రూపుదిద్దుకున్నప్పుడు మౌత్‌పీస్ కొయ్యది. ఊదితే అదిరే పలుచని రెల్లు బద్దను, అంటే రీడ్‌ను, దానికి దారం చుట్టి బిగించేవారు. ఇప్పటివాళ్లకు వింతగా తోచేది మరొకటుంది: అప్పట్లో చాలామంది రీడ్‌ను పైకి తిప్పి, పై పెదవికి ఆనించి ఊదేవారు. 1791లో మోజార్ట్ క్లారినెట్ కాన్సర్టో రాసేనాటికీ ఆ పద్ధతి పోలేదు. ఫ్రెడరిక్ బెర్ 1831లో పారిస్ కన్సర్వేటరీలో ఆచార్యుడయ్యాక అక్కడ రీడ్ కిందికి దిగింది. నాలుకకు రీడ్ నేరుగా అందింది. నేపుల్స్ వాళ్లు మాత్రం ఇంకా చాలాకాలం మొండికేశారు. దారం బదులు మరలతో బిగించే పట్టీ కూడా ఆ శతాబ్దంలోనే వచ్చింది. జర్మనీలో నేటికీ దారం చుట్టేవాళ్లున్నారు!

కొయ్యకు శత్రువు తడి. ఊపిరి తేమకు కొయ్య ఉబ్బితే, రీడ్ ఆనే అంచుల ఒంపు చెడుతుంది. ఆ ఒంపును కొలిచేది మిల్లీమీటరులో నూరోవంతుల్లో. రబ్బరులో గంధకం దండిగా కలిపి కాచిన ఎబొనైట్ ఆ బాధ తీర్చింది. గాజు, లోహం కూడా వాడారు. పదార్థం గురించి వాదనలు ఎన్నయినా, శబ్దాన్ని మలిచేది ప్రధానంగా లోపలి ఆకారమే.

ఇక దూరం పోయే నాదం సంగతి. మొన దగ్గర రీడ్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య ఖాళీ వాండోరెన్ కంపెనీ మౌత్‌పీస్ బి45లో సుమారు 1.2 మిల్లీమీటర్లు, ఎం30లో 1.15. ఖాళీ పెరిగితే నాదం దూరం పోతుందనుకోవడం తొందరపాటు. మనిషి చెవి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య చురుగ్గా ఉంటుంది. ఆ స్థాయి అనుస్వరాలు (హార్మోనిక్స్) బలంగా ఉంటేనే స్వరం వాద్యబృందాన్ని చీల్చుకుని వెళ్తుంది. రీడ్‌కు ఎదురుగా ఉండే లోపలి వాలు, అంటే బ్యాఫిల్, ఎత్తుగా ఉంటే అవి పెరుగుతాయి. మరీ ఎత్తయితే నాదం గీపెడుతుంది.

చిక్కేమిటంటే, వాయించేవారి పై పళ్లు మౌత్‌పీస్ మీదే ఆనుతాయి. కంపనం ఎముకల గుండా చెవికి చేరుతుంది. తలలో మోగేదీ హాలు చివర వినబడేదీ ఒకటి కావు. అందుకే మౌత్‌పీస్ ఎంపిక చిన్న గదిలో తేలదు. వెనక వరుసలో ఒకరిని వేదికకు వీపు తిప్పి కూర్చోబెట్టాలి. ఏది ఎప్పుడు మార్చారో వారికి చెప్పకూడదు. అన్నింటినీ ఒకే రీడ్‌తో పరీక్షించడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, ఖాళీ ఎక్కువున్నవాటికి మామూలుగా మెత్తని రీడ్ కావాలి. కనుక దేనికి తగిన రీడ్ దానికి పెట్టి, గట్టిగానే కాదు, వీలైనంత మెల్లగానూ ఊదాలి. మెల్లగా ఊదినప్పుడూ తేడాలు బయటపడతాయి.