బీదర్ ఎత్తులో ఎయిర్‌ఫ్లో సెన్సార్ రీడింగ్

ఇంజన్‌లోకి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోవుచున్నదో ఎయిర్‌ఫ్లో సెన్సార్ కొలుస్తుంది. ఆ లెక్కను బట్టే కంప్యూటర్ పెట్రోలును వదులుతుంది. కొన్ని కార్లలో దీనికి బదులు పీడనాన్ని కొలిచే సెన్సార్ ఉంటుంది. ఈ అంకెలు వాటికి వర్తించవు.

బీదర్ సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఒకే ఉష్ణోగ్రతలో ఇక్కడి గాలి మచిలీపట్నం గాలికంటే సుమారు 8 శాతం పలుచన. కనుక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అక్కడ 60 గ్రాములు చూపే ఇంజన్ ఇక్కడ 55 చూపితే అది లోపం కాదు. ఆ అంకెను చూసి సెన్సార్ మార్చడం వృథా ఖర్చు.

ఇంజన్ వేడెక్కి, ఏసీ ఆపి ఉన్నప్పుడు 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఐడిల్‌లో 2 నుండి 3 గ్రాములు చూపడం సాధారణం. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్‌నూ చూడాలి. అది ఐడిల్‌లో 10 శాతం మించి, రేస్ పెంచగానే తగ్గితే సెన్సార్ తరువాతి గొట్టంలో గాలి లీకును అనుమానించాలి. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే సెన్సార్ తీగకు దుమ్ము పట్టి ఉండవచ్చు, లేదా పెట్రోలు సరఫరా తగ్గి ఉండవచ్చు. తీగను చేతితో తాకరాదు. అందుకై అమ్మే స్ప్రేతోనే శుభ్రపరచాలి.

ఈ పరీక్షలు ముగియనిదే ట్యూనింగ్ మార్చరాదు. తప్పు లెక్కపై దిద్దిన ఇంజన్‌కు లోడులో పెట్రోలు చాలకపోతే పిస్టన్లే దెబ్బతినవచ్చు.