సజ్జా కార్మికులు, దుబాయ్ సెయింట్ మేరీస్ ఆలయం

సజ్జా షార్జా నగరానికి తూర్పున, విమానాశ్రయం దాటాక వచ్చే పారిశ్రామిక ప్రాంతం. కర్మాగారాలు, గోదాములు, వాటిలో పనిచేసే వలస కార్మికుల క్యాంపులు ఇక్కడ విస్తారంగా ఉన్నాయి. ఇక్కడి కథోలికులకు దగ్గరి విచారణ (పారిష్) షార్జాలోని సెయింట్ మైకేల్స్. అయితే ఈ ప్రాంతపు వలస కథోలికుల చరిత్రలో యాత్రాస్థలం అనదగినది దుబాయ్ ఊద్ మేథాలోని సెయింట్ మేరీస్. పాలకుడు షేక్ రాషిద్ బిన్ సయీద్ ఇచ్చిన స్థలంలో 1967లో దీన్ని ప్రారంభించారు. 1971లో ఏర్పడిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్య కంటే ఈ ఆలయమే నాలుగేళ్లు పెద్దది. ఇప్పుడున్న భవనం 1989 నాటిది.

దీన్ని యాత్రాస్థలం అనడానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది వయసు. అబూదాబి సెయింట్ జోసెఫ్స్ 1965లోనే వెలిసింది. సర్ బనీ యాస్ ద్వీపంలో 1992లో బయటపడిన క్రైస్తవ మఠం ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటిది. కానీ ఆ మఠం ఇప్పుడు పురావస్తు స్థలం, అక్కడ నిత్యపూజ లేదు. ఎంత పురాతనమైనా, మొక్కుకోవడానికి జనం రాని చోటు యాత్రాస్థలం కాదు. రెండో అభ్యంతరం బలమైనది. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం ప్రకారం పుణ్యక్షేత్రానికి విశ్వాసుల రాకతోపాటు స్థానిక పీఠాధిపతి ఆమోదం కూడా కావాలి. సెయింట్ మేరీస్ ఒక విచారణ ఆలయం మాత్రమే. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. అయినా విజయవాడ గుణదలను గుర్తుచేసుకుంటే క్షేత్రం పుట్టే తీరు తెలుస్తుంది. 1924లో అనాథ శరణాలయం బాధ్యుడు ఫాదర్ ఆర్లాటి అక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది తరలివచ్చే ఉత్సవం ఆ చిన్న ఆరంభం నుంచి ఎదిగినదే. జనం రాకే ముందు, హోదా తర్వాత.

గల్ఫ్‌లో ఆ రాకను శాసించేది సెలవు. 2022 వరకు ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం చుట్టూ తిరిగేది. అందుకే ఆలయాలు ఆదివారపు దివ్యబలిపూజను శుక్రవారం కూడా అర్పించేవి. కార్మికుడికి తీరిక దొరికే రోజుకు ఆరాధనను తీసుకెళ్లిన ఆ నిర్ణయం, నా దృష్టిలో, ఏ గోపురం కంటే గొప్ప కట్టడం. 2022 నుంచి దేశంలో శని, ఆదివారాలు సెలవులయ్యాయి, షార్జాలో శుక్రవారం కూడా కలిసింది. అయితే ప్రైవేటు కంపెనీ కార్మికుడి సెలవును యజమానే నిర్ణయిస్తాడు. సజ్జా వంటి చోటు నుంచి పూజకు వెళ్లగలగడం ఇప్పటికీ షిఫ్టుపైన, దొరికే బస్సుపైన ఆధారపడి ఉంది. సెలవు దొరికితే జనం ఎలా వస్తారో ఒకసారి కనిపించింది. 2019 ఫిబ్రవరి 5 మంగళవారం, అబూదాబిలో పోప్ ఫ్రాన్సిస్ అర్పించిన బహిరంగ పూజకు లక్షకు పైగా జనం వచ్చారు. ప్రవేశపత్రం ఉన్న ప్రైవేటు ఉద్యోగులకు ఆ రోజు ప్రభుత్వం సెలవు ఇచ్చింది.